పడమటికి వాలేదాన్ని ముందు పట్టుకోండి: ఉమ్మడి టెలిస్కోపు మీద ఒక రాత్రిని ప్లాన్ చేసుకోవడం ఎలా

అలాట్‌మెంట్ మెయిల్ వచ్చింది. మీరు అడిగింది మూడు రాత్రులు, దొరికింది ఒక్కటి. నవంబరు చివర్లో, లదాఖ్‌లోని హాన్లే దగ్గరున్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు మీద. దానికి ముందు రాత్రి ఇంకొకరిది, తర్వాతి రాత్రి మరొకరిది. మీ రాత్రి మబ్బు పట్టినా, తప్పు నక్షత్రం మీద మీరే గంట పోగొట్టుకున్నా ఎవరూ అప్పు ఇవ్వరు. ఈ టెలిస్కోపుకి ఏడాదికి మూడు సైకిళ్ళు: జనవరి నుంచి ఏప్రిల్, మే నుంచి ఆగస్టు, సెప్టెంబరు నుంచి డిసెంబరు. పోయిన గంటల కోసం మళ్ళీ ప్రపోజల్ రాసుకుని వచ్చే సైకిల్ దాకా ఎదురుచూడాల్సిందే.

తెల్లవారుజామున మూడింటికి ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. అందుకని ఆ మూడింటికి తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ మధ్యాహ్నం మూడింటికే తీసేసుకోవాలి. దాన్ని ఎలా చేయాలో హాన్లే రాత్రినే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. కావలూరులోని 2.34 మీటర్ల వేణు బప్పు టెలిస్కోపుకైనా, నైనితాల్ దగ్గర దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోపుకైనా అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు.

ముందు గడియారం సంగతి తేల్చుకోండి

మీరు హాన్లే వెళ్ళరు. అక్కడ ఎత్తు 4,500 మీటర్లు. టెలిస్కోపును నడిపేది బెంగళూరు పక్కన హోసకోటె క్యాంపస్ నుంచి, ఉపగ్రహ లింకు మీద. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ మీరున్న ఊరినే పట్టుకుని లెక్క వేసేస్తుంది. బెంగళూరు అక్షాంశం 13 డిగ్రీలు, హాన్లేది 32.8. ధ్రువ నక్షత్రం బెంగళూరులో చెట్ల కొమ్మల మధ్య కనిపిస్తే హాన్లేలో మూడో వంతు ఆకాశం ఎక్కి ఉంటుంది. సైట్ దగ్గర హాన్లే అని ఉందో లేదో అన్నిటికన్నా ముందు చూసుకోండి. కిటికీ బయట వాన పడుతుంటే కంగారు పడొద్దు. హోసకోటె వానకీ మీ రాత్రికీ సంబంధం లేదు.

ఆ రాత్రి మీకు మూడు గడియారాలు కావాలి. ఐఎస్‌టీ మీ టీకి, భోజనానికి. యూటీ (గ్రీనిచ్ ఆధారంగా లెక్కించే ప్రపంచ కాలం) ఫైళ్ళకి. నక్షత్ర కాలం ఆకాశానికి.

యూటీ విషయంలో మనకో సౌకర్యం ఉంది. యూటీ తేదీ మారేది మన ఉదయం 5:30కి. అంటే మన రాత్రి మొత్తం దాదాపుగా ఒకే యూటీ తేదీలో ఇమిడిపోతుంది, అదీ సాయంత్రం మొదలైన తేదీలోనే. ఈ సౌకర్యమే ఒకసారి నా కొంప ముంచింది. ఒక గ్రహణ జంట నక్షత్రం (ఒక తార రెండోదాన్ని అడ్డుకున్నప్పుడు మసకబారేది) కనిష్ఠ కాంతికి చేరేది 14వ తేదీ 20:10 యూటీకి అని నా కాగితంలో ఉంది. ఐదున్నర గంటలు కలిపాను, రాత్రి 1:40 అయింది. గంటలు కలిపాను గానీ తేదీ కలపలేదు. 14వ తేదీ తెల్లవారుజాము 1:40 అనుకుని 13 రాత్రి మొత్తం దాని చుట్టూ కట్టుకున్నాను. అసలది 15వ తేదీ 1:40. రెండు గంటల పాటు ఆ నక్షత్రం ఇంత కూడా మసకబారకుండా నన్నే చూస్తూ కూర్చుంది. అప్పటి నుంచి ప్రతి సమయం పక్కనా తేదీ కూడా రాస్తున్నాను, ఐఎస్‌టీలో ఒకసారి, యూటీలో ఒకసారి.

ఇక నక్షత్ర కాలం. ఒక క్షణాన నక్షత్ర కాలం ఎంత ఉంటే, అంత ఆర్‌ఏ (ఆకాశంలో తూర్పు-పడమర స్థానం, గంటల్లో కొలుస్తారు) ఉన్న వస్తువు ఆ క్షణాన మెరిడియన్ (నడినెత్తి మీదుగా పోయే ఉత్తర-దక్షిణ గీత) మీద, అంటే తన దారిలో అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది. నక్షత్రాలు రోజుకి సుమారు 4 నిమిషాలు ముందుకి జరుగుతాయి, నెలకి 2 గంటలు. నాలుగు మైలురాళ్ళు గుర్తుంటే చాలు: నడిరాత్రి నక్షత్ర కాలం సెప్టెంబరు 22 ప్రాంతంలో 0 గంటలు, డిసెంబరు 21కి 6, మార్చి 21కి 12, జూన్ 21కి 18. నవంబరు 25కి సుమారు 4 గంటల 18 నిమిషాలు వస్తుంది. ఇక్కడ నడిరాత్రి అంటే గడియారంలో 12 కాదు. ఐఎస్‌టీ 82.5 డిగ్రీల రేఖాంశానికి కట్టింది, హాన్లే 79 డిగ్రీల దగ్గర ఉంది. అందుకని హాన్లే నడిరాత్రి మన గడియారంలో 12:14కి.

ఇదంతా కొత్తగా అనిపిస్తే మన కార్తెలు గుర్తు తెచ్చుకోండి. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర ఉండే రోజులు, మే చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా. అంటే రోహిణి కార్తెలో రోహిణి కనిపించదు, ఆ చుట్టుపక్కలున్న వృషభ రాశి వస్తువులేవీ దొరకవు. ఆర్నెల్లు అటు జరిగి నవంబరు చివరికి వస్తే అదే రోహిణి నడిరాత్రి నడినెత్తిన ఉంటుంది. ప్రపోజల్ రాసేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. ‘మే నెలలో క్రాబ్ నెబ్యులా చూస్తాం’ అని రాసిన ప్రపోజల్‌ని సమయం కేటాయించే కమిటీ రెండో పేజీ తిప్పకుండానే పక్కన పెడుతుంది.

రాత్రిని కాగితం మీద గీయండి

ఒక ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, ఎడమ చివర సూర్యాస్తమయం, కుడి చివర సూర్యోదయం రాయండి. నవంబరు 25న హాన్లేలో సూర్యుడు సుమారు 5:09కి అస్తమిస్తాడు. కానీ చీకటి అప్పుడే పడదు. సూర్యుడు దిగంతం కింద 18 డిగ్రీలు దిగేసరికి 6:35 అవుతుంది. తెల్లవారుజామున మళ్ళీ 5:27కి ఆ గీత దాటతాడు. నికరంగా చీకటి 10 గంటల 52 నిమిషాలు. ఇదే జూన్ 21న అయితే ఆరుంపావు గంటలే. అడిగేటప్పుడు అందరూ రాత్రుల్లో అడుగుతారు గానీ, చలికాలపు రాత్రీ ఎండాకాలపు రాత్రీ ఒకటి కాదు.

ఐఎస్‌టీ గీత కిందే నక్షత్ర కాలం గీత గీయండి. 6:35కి 22 గంటల 38 నిమిషాలు, 5:27కి 9 గంటల 32 నిమిషాలు. మీ రాత్రికి దొరికే ఆకాశం అది. దానికి బయటున్న ఆర్‌ఏలు అసలు దొరకవని కాదు, అటూ ఇటూ మూడేసి గంటలు లాగొచ్చు, కాకపోతే వాలిపోతూనో ఇప్పుడే లేస్తూనో దొరుకుతాయి.

తర్వాత చంద్రుడు. దీనికి గోడ మీద క్యాలెండరే చాలు. అమావాస్యకి అటూ ఇటూ నాలుగైదు రోజులు చీకటి రాత్రులు. శుద్ధ అష్టమి నాడు చంద్రుడు నడిరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు, బహుళ అష్టమి నాడు నడిరాత్రి ప్రాంతంలో ఉదయిస్తాడు. పౌర్ణమికి రాత్రంతా ఉంటాడు. రోజు రోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు. ఇంకో చిట్కా కూడా తెలుగు నెలల పేర్లలోనే ఉంది: పౌర్ణమి నాటి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ నెలకి ఆ పేరు. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టి ఆ రాత్రి వృషభ రాశి జోలికి పోకూడదని క్యాలెండరే చెప్తోంది.

మన ఉదాహరణ రాత్రి కార్తీక బహుళ అష్టమి అనుకుందాం. చంద్రుడు మఖ దగ్గర, అంటే ఆర్‌ఏ 10 గంటల ప్రాంతంలో ఉంటాడు, నడిరాత్రికి తూర్పున లేస్తాడు. కాగితం మీద 12 గంటల దగ్గర నిలువు గీత గీసి ఎడమ పక్క ‘చీకటి’, కుడి పక్క ‘వెన్నెల’ అని రాసేయండి. మసక వస్తువులు, నీలం రంగులో చేసే పనులు ఎడమ పక్కకి. వెన్నెల కాంతి నీలంలోనే ఎక్కువ చెరుపు చేస్తుంది. ప్రకాశవంతమైన నక్షత్రాల స్పెక్ట్రాలు (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలు), పరారుణ పనులు వెన్నెల్లో కూడా నడుస్తాయి.

టార్గెట్ల పట్టిక

ఒక్కో వస్తువుకి ఒక వరస. ఆర్‌ఏ, డెక్ అంటే ఆకాశపు అక్షాంశం (ఏ సంవత్సరపు కోఆర్డినేట్లో తప్పకుండా రాయండి, 2000 సంవత్సరానివైతే జే2000 అని), ప్రకాశం ఎంత, ఏ గ్రిజం (కాంతిని రంగులుగా విడదీసే పలక), ఏ స్లిట్ (కాంతి లోపలికి వెళ్ళే సన్నటి చీలిక), ఎన్ని సెకన్లు, ఎన్ని సార్లు. పక్కన ఫైండింగ్ చార్ట్ (వస్తువు చుట్టుపక్కల ఆకాశపు పటం) ప్రింట్. కంప్యూటర్‌లో ఉంది కదా అని ప్రింట్ మానొద్దు. స్క్రీన్ మీద ఉత్తరం పైకి ఉందో కిందికి ఉందో తేలక పది నిమిషాలు కొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. కాగితాన్ని అయితే తిప్పి పట్టుకోవచ్చు. చార్ట్ సైజు పరికరం చూసే మేరకి సరిపోవాలి. హాన్లేలో చిత్రాలూ స్పెక్ట్రాలూ తీసే హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీ పరికరానికి 10 ఆర్క్‌నిమిషాల చదరం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం).

వస్తువు ఎంత ఎత్తుకి లేస్తుందో నోటి లెక్కే: 90 లోంచి అక్షాంశానికీ డెక్‌కీ ఉన్న తేడా తీసేయండి. హాన్లే నుంచి డెక్ మైనస్ 8 వస్తువు మెరిడియన్ మీద 49 డిగ్రీలు. డెక్ మైనస్ 27 అయితే మహా అయితే 30 డిగ్రీలు. 30 డిగ్రీల ఎత్తు అంటే ఎయిర్‌మాస్ 2, నడినెత్తితో పోలిస్తే రెండింతల గాలి పొరలోంచి చూస్తున్నట్టు. దానికి పడే వెల కూడా తెలుసుకోండి. హాన్లేలో ఒక ఎయిర్‌మాస్‌కి వీ (ఆకుపచ్చ-పసుపు) ఫిల్టర్‌లో సుమారు 0.12 మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలమానం) పోతుంది, పెద్ద నష్టం కాదు. అదే యూ (అతినీలలోహిత) ఫిల్టర్‌లో 0.36 దాకా పోతుంది, అంటే నాలుగో వంతుకి పైగా కాంతి గాలికి సమర్పయామి. పైగా ఎయిర్‌మాస్ 1 నుంచి 2కి వెళ్తే సీయింగ్ (గాలి కదలికల వల్ల నక్షత్రపు బొమ్మ చెదిరే మేర) ఒకటిన్నర రెట్లు చెడుతుంది, నక్షత్రం ఉబ్బి స్లిట్ బయటికి పొంగిపోతుంది. ఎరుపులో పని ఉన్నవాళ్ళు ఎయిర్‌మాస్ 2 దాకా వెళ్ళొచ్చు, నీలంలో పని ఉంటే 1.5 దగ్గరే ఆగండి.

ప్రతి వస్తువుకీ ఒక ప్రాధాన్యత అంకె వేయండి: 1, 2, 3. అన్నిటికీ 1 వేయడం అందరూ చేసే పనే. అలా వేస్తే ఆ గడి ఉన్నా లేనట్టే. ‘ఇదొక్కటే దొరికితే కూడా పేపర్ రాయగలనా?’ అని అడుక్కోండి. అవును అన్నవి 1. ‘ఇది లేకపోయినా పేపర్ ఆగదు’ అన్నవి 3. మిగిలినవి 2.

ఓవర్‌హెడ్ లెక్క

కొత్తవాళ్ళ ప్లాన్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. 40 నిమిషాల ఎక్స్‌పోజర్ కావాలంటే పట్టికలో 40 అని రాసి తర్వాతి వస్తువుకి వెళ్ళిపోతారు. దగ్గర్నుంచి చూద్దాం. టెలిస్కోపు తిరిగి చేరడానికి 3 నిమిషాలు. వస్తువుని గుర్తుపట్టడానికి చిన్న చిత్రం తీసి, చదివి, చార్ట్‌తో పోల్చడానికి 3. స్లిట్ మీదకి తెచ్చి, గైడ్ నక్షత్రం (గురి తప్పకుండా చూసుకునే ఆనవాలు) పట్టుకోవడానికి 5. ఇరవై నిమిషాల ఎక్స్‌పోజర్లు రెండు, 40. రెండు రీడౌట్లకి, అంటే కెమెరా నుంచి చిత్రం చదవడానికి, 2. తరంగదైర్ఘ్యాల కొలతకి తీసే లాంప్ స్పెక్ట్రమ్‌కి 2. మొత్తం 55. షటర్ తెరిచి ఉన్నది 40, మిగతా 15 నిమిషాలు ఏర్పాట్లకే పోయాయి. ఇలాంటివి ఆరు పెట్టుకుంటే గంటన్నర ఏ ఫోటానూ పట్టకుండానే గడిచిపోతుంది.

ఇవి ఉదాహరణ అంకెలు. మీ పరికరానికి అసలు అంకెలు కావాలంటే మాన్యువల్ కన్నా నమ్మకమైనది ఒకటుంది. మీ ల్యాబ్‌లో సీనియర్ల పాత రాత్రి డేటా అడగండి. ఫిట్స్ ఫైళ్ళ (టెలిస్కోపు డేటా ఫైళ్ళు) హెడర్‌లో ప్రతి ఎక్స్‌పోజర్ మొదలైన సమయం ఉంటుంది. వరుసగా రెండు ఫైళ్ళ మొదలు సమయాల తేడాలోంచి ఎక్స్‌పోజర్ తీసేస్తే మిగిలేదే నిజమైన ఓవర్‌హెడ్. ఒక రాత్రి మొత్తానికి ఈ లెక్క వేస్తే కళ్ళు తెరుచుకుంటాయి. మధ్యలో ఎక్కడో 25 నిమిషాల ఖాళీ కనిపిస్తుంది. సీనియర్‌ని అడిగితే ‘అక్కడ తర్వాత ఏం చూడాలో అర్థం కాలేదురా’ అంటాడు.

ఎక్స్‌పోజర్‌ని ఎన్ని ముక్కలు చేయాలన్నది కూడా ఇక్కడి విషయమే. 40 నిమిషాలని ఇరవై ముక్కలు చేస్తే ఇరవై రీడౌట్లు, పైగా మసక వస్తువైతే ప్రతి రీడౌట్‌లోనూ సీసీడీ (కెమెరా చిప్) సొంత గోల కలుస్తుంది. ఒకే ముక్క చేస్తే కాస్మిక్ కిరణాల మచ్చలు తీసేయడానికి పోల్చుకునే రెండో ఫైలుండదు. 4,500 మీటర్ల ఎత్తులో ఆ మచ్చలు మామూలు చోట్ల కన్నా ఎక్కువ. రెండు లేదా మూడు ముక్కలు నయం. ఇంకో మాట, సిగ్నల్ రెట్టింపు నాణ్యంగా కావాలంటే సమయం రెట్టింపు చాలదు, నాలుగు రెట్లు కావాలి. అందుకే ‘ఇంకొంచెం బాగుంటే బాగుండు’ అని రాత్రి మధ్యలో ఎక్స్‌పోజర్ పెంచుకుంటూ పోవడం ఖరీదైన సరదా. ఎంత నాణ్యత చాలో పగలే తేల్చి, అంత దాకా వచ్చాక వదిలేయండి.

వరస కట్టడం

పెళ్ళిలో రైలెక్కాల్సిన చుట్టాలకి ముందు బంతిలో వడ్డిస్తారు. ఇంట్లో ఉండిపోయేవాళ్ళు తర్వాత తింటారు. టెలిస్కోపు రాత్రికీ ఇదే నియమం: పడమటికి వాలిపోతున్నవి ముందు, తూర్పున లేస్తున్నవి చివర.

మన రాత్రికి నాలుగు వస్తువులు ఉన్నాయనుకోండి. కుంభ రాశిలో ఒక సూపర్‌నోవా, ఆర్‌ఏ 22:30, డెక్ మైనస్ 8. పర్సియస్ గెలాక్సీ గుంపులోని ఎన్‌జీసీ 1275, ఆర్‌ఏ 3:20, డెక్ 41.5. క్రాబ్ నెబ్యులా, ఆర్‌ఏ 5:34, డెక్ 22. ఎం81 గెలాక్సీ, ఆర్‌ఏ 9:55, డెక్ 69.

సూపర్‌నోవా సంగతి చూడండి. చీకటి పడే 6:35కే అది మెరిడియన్ దాటేసింది. 9:30 అయ్యేసరికి 30 డిగ్రీలకి దిగిపోతుంది. రైలెక్కే చుట్టం ఇదే. చీకటి పడగానే మొదటి పని ఇదే కావాలి, ప్రాధాన్యత అంకె 2 అయినా సరే. అంకె 1 ఉన్నది ఎప్పుడు చూసినా దొరికేదైతే దాన్ని తర్వాత చూడొచ్చు.

ఎన్‌జీసీ 1275 మెరిడియన్ దాటేది 11:16 ప్రాంతంలో, 81 డిగ్రీల ఎత్తులో. ఎత్తు కదా అని 11:16కే చూడాలనుకోవద్దు. ఈ టెలిస్కోపు ఆల్ట్-అజిమత్ రకం, అంటే పైకీ కిందికీ, పక్కలకీ తిరిగేది. నడినెత్తికి దగ్గరగా వచ్చిన వస్తువుని వెంబడించాలంటే అది గిర్రున తిరగాలి, గైడింగ్ తప్పుతుంది. గుడి గోపురం మీద పావురాన్ని సరిగ్గా కింద నిలబడి చూసే కన్నా నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే మెడకి సుఖం. రాత్రి 9కే అది 60 డిగ్రీలు దాటి ఉంటుంది, ఎయిర్‌మాస్ 1.14. ఆ మాత్రం తేడాకి డేటా ఏం చెడదు. పైగా నడిరాత్రి వెన్నెల రాకముందే అయిపోతుంది.

అందరికీ మెరిడియన్ మీదే ముహూర్తం పెట్టాలని చూడకండి. ఒకే ఆర్‌ఏ ఉన్నవి రెండుంటే ఆ ముహూర్తానికి కొట్టుకుంటాయి. ఎయిర్‌మాస్ 1.3 లోపల ఎక్కడైనా ఒకటే అనుకుంటే ఒక్కో వస్తువుకీ గంటల కొద్దీ వెసులుబాటు వస్తుంది. క్రాబ్ నడిరాత్రి తర్వాత, కాస్త ప్రకాశవంతమైన భాగాలే చూస్తున్నారు కాబట్టి వెన్నెల ఫర్వాలేదు. ఎం81 రాత్రి 2 గంటలకి సుమారు 42 డిగ్రీలు, తెల్లారేదాకా లేస్తూనే ఉంటుంది, చంద్రుడికి దూరంగానూ ఉంటుంది. అది ఇంట్లో ఉండిపోయే చుట్టం.

వరస కట్టాక ఇంకోసారి చూడాల్సింది గ్రిజం మార్పులు. హెచ్‌ఎఫ్‌ఓఎస్‌సీలో నీలానికి గ్రిజం 7, ఎరుపుకి గ్రిజం 8 ఎక్కువగా వాడతారు. మొదటి దానికి ఐరన్-ఆర్గాన్ లాంప్, రెండో దానికి ఐరన్-నియాన్. ఒక వస్తువుకి 7తో ముగిస్తే తర్వాతి వస్తువుని 7తోనే మొదలుపెట్టండి. చిన్నదే గానీ రాత్రికి ఆరేడుసార్లు ఆదా అవుతుంది.

ఈ పని కంప్యూటర్‌కి అప్పగించొచ్చా? కొంత వరకు. లా పాల్మాలోని ఐజాక్ న్యూటన్ గ్రూప్ వాళ్ళ స్టారాల్ట్ పేజీలో కోఆర్డినేట్లు ఇస్తే అన్ని వస్తువుల ఎత్తుల గీతలు, చంద్రుడితో సహా, ఒకే బొమ్మలో వస్తాయి. ముందు అదే చేయండి. పైథాన్ వచ్చిన వాళ్ళకి ఆస్ట్రోప్లాన్ ప్యాకేజీ ఉంది, ప్రాధాన్యత అంకెలిస్తే వరస అదే కడుతుంది. లాస్ కంబ్రెస్ అబ్జర్వేటరీ అయితే చిలీ నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న తన టెలిస్కోపులన్నిటినీ మనిషి చెయ్యి పడకుండా సాఫ్ట్‌వేర్‌తోనే నడుపుతుంది, మబ్బు పడితే నిమిషాల్లో కొత్త వరస కట్టుకుంటుంది. అక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది: అడిగేటప్పుడు ‘ఫలానా రోజు ఫలానా గంటకి’ అనకుండా ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ లోపల ఎప్పుడైనా ఒకసారి’ అంటే దొరికే అవకాశం పెరుగుతుంది. మనుషుల కమిటీకీ ఇది వర్తిస్తుంది. గ్రహణాలకీ ట్రాన్సిట్‌లకీ (గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటడం) తప్ప గట్టి తేదీ అడగకండి. ఇంకోటి, చలికాలంలో అందరి టార్గెట్లూ వృషభంలో, ఒరాయన్‌లో ఉంటాయి. మీ పని వేరే ఆర్‌ఏలో జరుగుతుందంటే అక్కడికి వెళ్ళండి, పోటీ తక్కువ.

కాలిబ్రేషన్

చీకటి ఖరీదైనది, కాలిబ్రేషన్‌కి (పరికరాన్ని సరిచూసుకునే కొలతలకి) దాన్ని వీలైనంత తక్కువ ఖర్చు పెట్టండి. బయాస్ ఫ్రేములు (షటర్ తెరవకుండా తీసే సున్నా సెకన్ల చిత్రాలు) వెలుగుండగానే. ఆకాశపు ఫ్లాట్‌లు (సీసీడీలో ఎక్కడ కాంతి ఎక్కువ, ఎక్కడ తక్కువ నమోదవుతుందో చూపే చిత్రాలు) సంధ్యలో. సూర్యుడు అస్తమించాక కొద్ది నిమిషాల కిటికీ ఉంటుంది, ముందు సీసీడీ నిండిపోతుంది, కాసేపటికి నక్షత్రాలు కనబడటం మొదలవుతుంది. ఏ ఫిల్టర్ ముందో ముందే రాసి పెట్టుకోండి. సాయంత్రం తక్కువ కాంతి వచ్చే యూ ముందు, ఎక్కువ వచ్చేవి తర్వాత, తెల్లవారుజామున తిరగేయండి.

ఫ్లక్స్ స్టాండర్డ్ నక్షత్రాన్ని (ప్రకాశం ముందే కచ్చితంగా తెలిసినదాన్ని) మాత్రం చీకట్లోనే చూడాలి. సాయంత్రానికి ఫెయిగె 110 (ఆర్‌ఏ 23:20), తెల్లవారుజాముకి ఫెయిగె 34 (ఆర్‌ఏ 10:39) మన రాత్రికి చక్కగా కుదురుతాయి. మొదటిది సూపర్‌నోవాకి దగ్గర్లోనే ఉంది, అటు నుంచి ఇటు తిప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. స్టాండర్డ్ మానేసి ఆ పదిహేను నిమిషాలు మిగుల్చుకోవాలని అనిపిస్తుంది. మానేస్తే రాత్రంతా తీసిన స్పెక్ట్రాలకి స్కేలు ఉండదు.

మబ్బు పడితే

ఇప్పుడు రెండో కాగితం తీయండి. అది మంచి రాత్రికి కాదు, చెడ్డ రాత్రికి. మూడు పరిస్థితులకి మూడు వాక్యాలు చాలు. సీయింగ్ 2 ఆర్క్‌సెకన్లు దాటితే: వెడల్పు స్లిట్, మసకవి వదిలేసి ప్రాధాన్యత 2 లోని ప్రకాశవంతమైనవి. పల్చటి మబ్బు ఉంటే: ఫోటోమెట్రీ (ప్రకాశం కొలవడం) ఆపి స్పెక్ట్రాలు మాత్రమే. డోమ్ మూస్తే: ఎన్ని గంటలు పోతే ఏవేవి కొట్టేయాలో, ఈ వరసలో.

ఆ మూడో వాక్యం మనసుకి కష్టంగా ఉంటుంది, అందుకే పగలే రాయాలి. తేమ, గాలి హద్దు దాటితే డోమ్ మూసేది ఆపరేటర్, దాంట్లో మీ మాట చెల్లదు, చెల్లకూడదు కూడా. ‘ఇంకో పది నిమిషాలు సార్’ అని బతిమాలకండి. మూసి ఉన్నంత సేపూ అరగంటకోసారి పట్టికని ఇప్పటి సమయానికి జరిపి చూసుకోండి. లేకపోతే ఇలా అవుతుంది:

‘మబ్బు పోయింది, తెరుస్తున్నాం. ఎటు తిప్పమంటారు?’

‘సార్, ఒక్క నిమిషం…’

ఆ ఒక్క నిమిషం నా విషయంలో ఒకసారి పద్దెనిమిది నిమిషాలయింది. తెరిచే ముందే జవాబు కాగితం మీద ఉండాలి.

ఆకాశం మాట వినని రోజున వరస ఎంత విలువైనదో చూపించే ఉదాహరణ 2017 ఆగస్టు 17. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న గురుత్వ తరంగాలు అందాయి. ఆ ప్రాంతం దక్షిణపు ఆకాశంలో, సూర్యాస్తమయం తర్వాత కొద్ది సేపే కనిపిస్తుంది. చిలీలోని లాస్ కంపానాస్‌లో 1 మీటర్ స్వోప్ టెలిస్కోపు దగ్గరున్న బృందం, వెతకాల్సిన గెలాక్సీల జాబితాని చీకటి పడక ముందే ప్రాధాన్యత ప్రకారం కట్టి పెట్టుకుంది. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఒకే ఫ్రేములో పట్టేలా కలిపింది. తొమ్మిదో చిత్రంలో, ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో కొత్త చుక్క కనిపించింది, ఢీకొన్న సుమారు 11 గంటలకి. అంతకన్నా పెద్ద టెలిస్కోపులు ఆ రాత్రి చిలీలో చాలానే ఉన్నాయి.

పక్కవాళ్ళతో పేచీ రాకుండా

ఉమ్మడి టెలిస్కోపు కాబట్టి మీ రాత్రి మధ్యలో అత్యవసరం రావచ్చు. 2023 మే 19న ఎం101లో సూపర్‌నోవా 2023ఐఎక్స్ఎఫ్ కనబడినప్పుడు ప్రపంచంలో చాలా టెలిస్కోపుల మీద ఎవరో ఒకరి గంట పోయింది. దీన్ని టార్గెట్ ఆఫ్ ఆపర్చునిటీ అంటారు, నియమాల్లోనే ఉంటుంది. అలాంటి కాల్ వస్తే మీ పట్టికలో ప్రాధాన్యత 3 వాటిలోంచి ఇచ్చేయండి. ఎన్ని నిమిషాలు ఇచ్చారో, ఏ సమయంలో ఇచ్చారో లాగ్‌లో రాయండి. డేటా ఎవరిది, పేపర్‌లో పేరు ఉంటుందా అన్న మాటలు ఆ రాత్రి మాట్లాడొద్దు, మెయిల్‌లో పగలు మాట్లాడుకోండి. సగం రాత్రి పంచుకునే వాళ్ళయితే మార్పిడి సమయం గడియారంలో ఎంతో ముందే తేల్చుకోవాలి, ‘నడిరాత్రి’ అని వదిలేస్తే 12:00 కా 12:14 కా అని తగువు. మీ చివరి ఎక్స్‌పోజర్ ఆ గీత దాటేలా ఉంటే మొదలుపెట్టకండి.

రాత్రి నడుస్తున్నంత సేపూ ఒక పెన్సిలు, ఆ ఏ4 కాగితం. అయినదాన్ని కొట్టేయండి, పక్కన అసలు పట్టిన సమయం రాయండి. ప్లాన్ కన్నా ఇరవై నిమిషాలు వెనకబడితే అప్పుడే ఒక ప్రాధాన్యత 3 కొట్టేయండి, చివర్లో సర్దుకుందాంలే అనుకోవద్దు. చివర్లో సర్దుబాటయ్యేది ఎప్పుడూ ఎం81 లాంటిదే, పాపం రాత్రంతా ఓపిగ్గా ఎదురుచూసింది. ఎక్స్‌పోజర్ నడుస్తున్నప్పుడు ముందు ఫైల్‌ని ఒకసారి తెరిచి చూడండి, సిగ్నల్ ఉందా, నిండిపోయిందా, అంతే. అక్కడే కూర్చుని డేటా రిడక్షన్ మొదలుపెడితే తర్వాతి వస్తువు చార్ట్ తీయడం మర్చిపోతారు.

5:27కి తూర్పు పలచబడుతుంది. స్పెక్ట్రాలు ఆపి ఫ్లాట్‌లు తీసుకోండి. లాగ్ చివర ఫోకస్ విలువ, అప్పటి ఉష్ణోగ్రత, రాత్రి సీయింగ్ ఎలా ఉంది, ఏ గ్రిజం లోపల ఉండిపోయింది, గైడర్ ఏ మూల సరిగా పట్టలేదు, ఇవన్నీ నాలుగు వరసల్లో రాయండి. సాయంత్రం ఐదింటికి మీ కుర్చీలో కూర్చునే మనిషి ముందు తెరిచేది ఆ పేజీనే.